మా బామ్మర్ది సొంత పేరుతో పోయిన సంగతి

టీవీలో వచ్చిన ఆ సీరియల్లో మనిషికి నకలు తీయాలంటే నిలువెత్తు గాజు తొట్టి కావాలి, దాని నిండా నీలం నీళ్లు కావాలి, చుట్టూ తెల్లకోట్ల డాక్టర్లు పదిమంది కావాలి. అంత తతంగం అయ్యాక తొట్టిలోంచి ఒకడు లేచి వస్తాడు. అచ్చం అసలు మనిషిలాగే ఉంటాడు. తిన్నగా అసలు మనిషి ఇంటికి పోయి, అతని చెప్పులు తొడుక్కుని, అతని కంచంలో తింటాడు. పెళ్లానికి తెలియదు, పిల్లలకు తెలియదు. అసలు మనిషి వీధుల్లో తిరుగుతూ నేనే నేనని మొత్తుకుంటే ఎవడూ నమ్మడు. ఏదో పరాయి దేశపు సీరియలు, మాటలు హిందీవి అతికించారు. సూరత్‌లో మా డిండోలి గల్లీలో సగం ఇళ్లలో దాన్ని చూశారు. మా బామ్మర్ది అయితే మిల్లులో పాలీ, అంటే షిఫ్టు, దిగి, మొహం కూడా కడుక్కోకుండా వచ్చి దానిముందు కూర్చునేవాడు.

నాకు ఒళ్లు మండేది. నేను ఈ ఊరికి వచ్చింది మీసం మొలవని వయసులో. బడి చదువు లేదు. గుజరాతీ అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నాను. తెలుగును ట్రావెల్స్ బస్సులో ఒకరోజు ఆలస్యంగా వచ్చే పేపరు చదివి నిలబెట్టుకున్నాను. పాత కాగితాల కొట్టులో తూకానికి కొన్న సైన్సు పుస్తకాలు కూడా కొన్ని చదివాను. గొర్రెకు నకలు ఎలా తీశారో నాకు తెలుసు. కాబట్టి ఆ సీరియల్ని తెలియక తిట్టలేదు. దాన్ని రాసినవాడికి పని చేసుకు బతికే మనుషుల సంగతి తెలియదని తిట్టాను.

"గాజు తొట్టి ఏంటికిరా?" అని అడిగాను ఒకసారి మా బామ్మర్దిని. "నీకు నకల్ తీసిండ్రు గద, నిన్ను ఏ తొట్ల ఏసిండ్రు?"

"నన్ను రంగుల తొట్ల ఏసిండ్రు బావా. గందుకే గిట్ల నల్లగైన," అని నవ్వాడు.

తమాషాకు అన్న మాట కాదది. సూరత్ సాంచెల మీదా, అంటే బట్ట నేసే మరమగ్గాల మీదా, రంగుల మిల్లుల్లోనూ మొదటినుంచీ ఒక రివాజు ఉంది. ఊరికి పోయేవాడు తన జాగాలో మరొకణ్ని పెట్టి పోతాడు. అలా పెట్టినవాణ్ని బద్లీ అంటారు. బద్లీ మనిషి పోయినవాడి పేరుకే పలకాలి, ఆ పేరుమీదే పని చేయాలి. పోయినవాడు తిరిగి వస్తే లేచి జాగా ఇచ్చేయాలి. తిరిగి రాకపోతే ఆ పేరు బద్లీవాడి మీదే ఉండిపోతుంది. ఇందులో ఎవరికీ దొంగతనం కనిపించదు. బస్సులో సీటుమీద తువ్వాలు వేసినట్టు, అంతే అనుకుంటారు.

ప్లేగు వచ్చిన ఏడాది సూరత్ ఊరంతా మూతికి రుమాళ్లు కట్టుకుని రైలు స్టేషను మీద పడింది. అప్పుడు ఉధ్నా అవతల ఒక రంగుల మిల్లులో మా పక్కఊరి ఆయన పర్మినెంటు కార్మికుడు. బీమా కార్డున్న పని, అందరికీ దొరికేది కాదు. ఆయనా పారిపోయాడు. మా బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, కొత్తగా వచ్చి సాంచెల దగ్గర పని నేర్చుకుంటున్నాడు. వాడూ పారిపోదామనే చూశాడు కానీ రైలుపెట్టెలో కాలు పెట్టే సందు దొరక్క ఉండిపోయాడు. మిల్లు మళ్లీ తెరిచాక చూస్తే మనుషులు లేరు. మా తెలుగు ముకద్దం, అంటే మిల్లుకు మనుషుల్ని తెచ్చి పెట్టేవాడు, గల్లీలోకి వచ్చి వీడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆయనొచ్చేదాంక నువ్వే ఆయనవు. నడువ్," అన్నాడు.

ఆయన రాలేదు. ఊళ్లోనే పత్తి పెట్టుకుని స్థిరపడ్డాడు. ఆయన పేరు చెబితే ఈ కథలో నాకు ఒరిగేదేమీ లేదు గనక పేరుగలాయన అని రాస్తాను. కార్డు మీద ఆయన ఫోటో ఆవిరికీ, రంగు చేతులకూ మాసి ఎవరిదైనా కాగల ఫోటో అయింది. వీడు వేడి బట్టను మిషన్లోంచి లాగే ఖాతాలో, అంటే విభాగంలో, పడ్డాడు. పండక్కి మిఠాయి డబ్బా ఆ పేరుకే వచ్చేది. సేఠ్ తిట్టినా ఆ పేరునే తిట్టేవాడు. "తిట్లు ఆయనకు, దెబ్బలు నాకు," అనేవాడు వీడు. కంప్యూటర్లు వచ్చి కార్డుకు ఆధార్ అతికించమన్నప్పుడు కూడా పేరుగలాయన తన నంబరు ఊరి నుంచి ఫోన్లో చెప్పాడు. కాదని నిజం చెబితే కార్డు తెగుతుంది, వీడు రేపటినుంచి రోజుకూలీ. ఎవరు చెబుతారు?

ఇంట్లో మాత్రం వీడి పేరు వీడిదేనా అంటే, అదీ పలికేవాళ్లు లేరు. మా ఆడవాళ్లు పెనిమిటి పేరు పలకరు. వాడి పెళ్లాం నాకు చెల్లె వరుస. ఆమె "ఇగో" అని పిలిచేది, లేకపోతే గిన్నె చప్పుడు చేసేది. కొడుక్కి బాపు. నాకు బామ్మర్ది. పేరుపెట్టి పిలిచేవాళ్లు ఇద్దరే ఇద్దరు: వాళ్లమ్మ, వాళ్లక్క. వాళ్లమ్మ ఎప్పుడో పోయింది. వాళ్లక్క అంటే నా భార్య. ఆమె కూడా పోయాక, లోకంలో ఆ పేరు నోటితో అనేవాళ్లే లేకుండా పోయారు. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

వానాకాలం మధ్యలో వాడికి ఊపిరి అందడం మానేసింది. మొదట మెట్లెక్కితే ఆయాసం, తర్వాత అన్నం తింటే ఆయాసం. మిల్లు బీమా మీద నడిచే దవాఖానకు తీసుకుపోయాం. కార్డు ఉన్నందుకు ఆ పూట దండం పెట్టుకున్నాం కూడా. కిటికీ దగ్గర వేలిముద్ర మిషను పెట్టి వేలు పెట్టమన్నారు. అది పట్టలేదు. పది వేళ్లూ పెట్టించారు. ఎన్నో ఏళ్లు రంగులోనూ సోడాలోనూ నానిన వేళ్లు, గీతలు అరిగిపోయి ఉన్నాయి. వేరే మనిషి వేళ్లని వాళ్లకెలా తెలుస్తుంది? అలవాటైన సంగతే అన్నట్టు కిటికీలో కుర్రాడు "ఫోనుకు నంబరు వస్తుంది, చెప్పండి" అన్నాడు. ఆ నంబరు ఊళ్లో పేరుగలాయన ఫోనుకు పోయింది. ఆయన కొడుకు చదివి చెప్పాడు. అలా మా బామ్మర్ది పేరుగలాయనగా మంచమెక్కాడు. తోడు ఉండే ఆడమనిషికి పాసు రాయాలన్నారు. కార్డులో ఉన్న భార్య పేరే రాశారు. మా చెల్లె మెడలో పేరుగలాయన భార్య పేరు వేలాడింది.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఊపిరితిత్తులు రెండూ గట్టిపడిపోయాయి, మందు లేదు, ముక్కుకు పెట్టిన గాలి గొట్టం ఉన్నన్నాళ్లు నెట్టుకు రావచ్చు, తీస్తే ఎక్కువ రోజులు ఉండడు. నేను బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ మిల్లువాళ్లను తిట్టాను, ఆవిరిని తిట్టాను, ముకద్దాన్ని తిట్టాను. పక్కన గుజరాతీ ఆయన ఎవరో టీ తెచ్చిచ్చి పోయాడు.

ఆ వార్డులో మధ్యాహ్నం పూట వాడు ఫోన్లో అదే సీరియలు పెట్టించుకుని చూసేవాడు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని తిట్టేవాణ్ని. ఒకరోజు ఫోను పొట్టమీద బోర్లించి అడిగాడు.

"బావా, గీ నకలోడు సచ్చిపోతె ఏ పేరు మీద కాలుస్తరు?"

"తొట్టిలకెల్లి అచ్చినోనికి కాల్సుడేంది? మల్ల తొట్టిలనే పారబోస్తరు."

వాడు నవ్వలేదు. "నేను గీ మంచం మీద పోతె ఏ పేరు రాస్తరే?"

అప్పుడు అర్థమైంది నాకు. నాతోపాటు అప్పుడే అర్థం చేసుకున్న వాడి కొడుకు, మంచం అవతల నిలబడి, తండ్రి కాళ్ల మీద దుప్పటి సర్దడం మొదలుపెట్టాడు. కొడుకుది ముప్పై దాటిన వయసు. కొరియర్ పార్శిళ్లు మోసే పని.

వాడు ఆ మంచం మీద పోతే పోయేది పేరుగలాయన. ఊళ్లో పత్తి చేలో నిలబడి ఉన్న మనిషి కంప్యూటర్లో శవం అవుతాడు. ఇక్కడ నిజంగా శవమైనవాడు ఏ కాగితంలోనూ చావడు. వాడి పెళ్లాం ముండమోసీ ముత్తయిదువగానే మిగిలిపోతుంది. మేం కాల్చేది వాణ్ని, చీటీ మీద కాలేది ఇంకొకడు.

"నాకు ఇంకేం అక్కెర లేదు బావా," అన్నాడు వాడు. గొట్టం పక్కకు జరిపి, మళ్లీ పెట్టుకుని, ఆగి ఆగి అన్నాడు. "నన్ను నా పేరు మీద కాలవెట్టుండ్రి. గంతే."

నేను నోరున్న ముసలివాణ్ని. నేరుగా కింద కిటికీకి పోయాను. పేరు తప్పు పడిందండీ, మార్చండి అన్నాను. కిటికీలో కుర్రాడు మర్యాదగానే అడిగాడు: తప్పు అంటే అక్షరం తప్పా, మనిషే వేరా? అక్షరమైతే ఇప్పుడే మారుస్తాను. మనిషే వేరైతే ఇన్ని రోజుల వైద్యం మోసం కింద పడుతుంది, పోలీసుకు చెప్పాలి, కార్డు ఇచ్చినవాడి మీదా వాడినవాడి మీదా కేసవుతుంది, ఇప్పుడున్న మంచం కూడా ఉండదు. చెప్పండి కాకా, ఏది? అన్నాడు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. కానీ చూడండి. ఆ మిల్లులో మనిషి వేరని తెలియనిదెవరికి? ముకద్దానికి తెలుసు, రంగుల మాస్టరుకు తెలుసు, సేఠ్‌కు తెలుసు. పని తీసుకునేటప్పుడు ఎవరికీ మోసం కనపడలేదు. ఊపిరి ఇచ్చేటప్పుడు కనపడింది. సీరియల్లో నకలు మనిషి పెద్దమనిషి ఇల్లూ బ్యాంకూ కాజేయడానికి వస్తాడు. మా వాడు ఇంకొకడి ఆవిరిని, ఇంకొకడి పాలీని, ఇంకొకడికి పడవలసిన తిట్లను కాజేశాడు. దీనికి కేసు!

"అక్షరం తప్పనుకున్న బాబూ, సక్కగనే ఉన్నది," అని పైకి వచ్చేశాను.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ప్రాణం ఉండగానే వాణ్ని ఆ మంచం మీది నుంచి దింపి ఇంటికి తీసుకుపోవాలి. ఇంటికి పోతే గాలి గొట్టం ఉండదు. అద్దె సిలిండరు పెట్టినా అది ఈ గాలికి సరిపోదు. పేరు కావాలంటే ఊపిరి వదులుకోవాలి. ఈ లెక్క ఏ డాక్టరూ చెప్పలేదు, మాకు మేమే కట్టుకున్నాం.

చెల్లె మాత్రం ససేమిరా అంది.

"పేరేం జేసుకుంటనన్నా? నాక్కావాల్సింది మనిషి. ఏ పేరు వెడితె పలుకుతడో నాకేంటికి, పలికితె సాలు. ఒక్కదినమున్నా ఎక్కువనే," అంది. వాడి వైపు తిరిగి, "ఇన్నేండ్లు రాని రోషం ఇయ్యాల్లనే అచ్చిందా?" అని కసిరింది.

వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఈలోగా పేరుగలాయన ఊరి నుంచి బస్సెక్కి వచ్చేశాడు. ప్లేగు నాడు పోయినవాడు, మళ్లీ సూరత్ మొహం చూడలేదు. మోకాలు నొప్పి, చేతిసంచిలో సీతాఫలాలు. వార్డు గుమ్మంలో నిలబడి మంచాలన్నీ చూశాడు. వీణ్ని గుర్తుపట్టలేదు. నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

"మస్తు సన్నగైనవ్," అన్నాడు పేరుగలాయన.

"నువ్వు మంచిగ బలిసినవే అన్నా. కష్టం లేదు గద," అన్నాడు మా వాడు.

అంతలో నర్సమ్మ మందుల ట్రే పట్టుకుని వచ్చి ఆ పేరు గట్టిగా పిలిచింది. మా వాడు అలవాటుగా చెయ్యెత్తాడు. పేరుగలాయన అదాటున స్టూలు మీది నుంచి లేచి నిలబడ్డాడు. నర్సమ్మ ఇద్దరినీ చూసి ట్రే అలాగే పట్టుకుని ఆగిపోయింది.

"గాయనకు చెవుడు సిస్టర్, ఎవల్ని పిలిచినా లేస్తడు," అన్నాడు మా వాడు హిందీలో. ఆమె నవ్వి గోళీలు ఇచ్చి పోయింది. వీడికి నవ్వుకు దగ్గొచ్చి, దగ్గుకు కళ్లు తేలవేస్తే, చెల్లెతో కలిపి మేం ముగ్గురం పట్టుకుని కూర్చోబెట్టాం.

ఆ దగ్గు తగ్గాక పేరుగలాయన కళ్లు తుడుచుకుని అన్నాడు. "నువ్వు ఏడికీ పోకు తమ్మీ. గాలి ఉన్నకాడ్నే ఉండు. ఏమన్నయితె నన్నే సచ్చిండని రాసుకోనియ్యి. కాయితంలనే గద. నేనేమన్న నిజంగ సస్తనా?"

మంచి మనసుతోనే అన్నాడు. నేను కాదనను. కానీ ఆ మాట అన్న కాసేపటికే ఊరి నుంచి ఆయన కొడుకు నాకు ఫోను చేశాడు. "కాకా, మా బాపు మాటలు వట్టుకోకుండ్రి. గాయన సచ్చిండని పడ్డదంటె భూమి పాసుబుక్కు, రేషను, అన్ని ఆగుతయి. బతికున్నని మండలాఫీసు సుట్టు తిరగాలె. మీ కాల్మొక్త, గాన్నించి దింపుకపోండ్రి," అన్నాడు. వాడి భయం వాడిది. బతికున్నవాడు బతికున్నానని రుజువు చేసుకోవడం ఎంత నరకమో పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు?

నేను ఫోను పెట్టేసి వచ్చేసరికి మా వాడే జవాబు చెబుతున్నాడు. గొంతు పెద్దగా లేదు, మాట మాత్రం గట్టిగా ఉంది.

"ఇన్నేండ్లు నీ పని జేసిననే. నీ తిట్లు పడ్డ. నీ జరం నేను పడ్డ. సావు గూడ నీదే సావాల్నా? గిదొక్కటన్న నాది నన్ను సావనియ్యరాదు?"

పేరుగలాయన తల వంచుకుని సీతాఫలం ఒకటి విప్పడం మొదలుపెట్టాడు. విప్పి, గింజలు తీసి, వాడి నోట్లో పెట్టాడు.

చెల్లె అప్పటికీ ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున పక్క మంచం ఆయన పోయాడు. ఏదో బిహారీ కుటుంబం. వార్డులో అందరం చూస్తూనే ఉన్నాం. తెర లాగారు, గొట్టం తీశారు, ఒక మనిషి కాగితం తెచ్చి ఆయన భార్యను పిలిచాడు. ఏడుస్తున్న ఆమె చెయ్యి పట్టుకుని బొటనవేలు సిరాలో అద్ది, ఇదిగో ఇక్కడ, భార్య అన్నచోట, అని ముద్ర వేయించాడు. శవాన్ని అప్పగించినట్టు, భర్త పోయాడని ఆమె ఒప్పుకున్నట్టు. ముద్ర పడ్డాక గానీ బండి కదల్లేదు.

చెల్లె అదంతా తెర సందులోంచి చూసింది. చూసి, తన మెడలో వేలాడుతున్న పాసును చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, గట్ల నన్ను గూడ ఏయమంటరా?"

"అంటరు చెల్లె."

"గీమె పేరు మీద?"

నేను తల ఊపాను.

"గీమె మొగడు సచ్చిండని నేను ఏలు ముద్ర ఏయాల్నా? ఆడ ఆమె పసుపుకుంకుమతోని ఇంట్ల పనిజేసుకుంటున్నది. ఆమె బొట్టు నేనెట్ల తుడుస్తనన్నా? నాకు పాపం తల్గదా?" పాసును మెడలోంచి తీసేసింది. తీసి ఏం చేయాలో తెలియక పిడికిట్లో పెట్టుకుంది. "ఇంటికి తీస్కపోదాం," అంది. వాడి పేరు గురించి నేనూ వాడూ ఎంత చెప్పినా వినని మనిషి, తాను ఎన్నడూ చూడని ఒక ఆడదాని కుంకుమ కోసం ఒప్పుకుంది.

అలా ఒప్పుకున్నాక ఆమె కళ్లలో నీళ్లు లేవు. గబగబా గిన్నెలు సంచిలో సర్దేసింది.

సొంత ఇష్టంతో పోతున్నట్టు రోగి ముద్ర కావాలన్నారు కింద కిటికీలో. ఆ రోజు వేరే కుర్రాడున్నాడు. రోగి లేచి రాగల స్థితిలో లేడు. పేరుగలాయన నా వైపు చూసి, కుంటుకుంటూ కిటికీ దగ్గరికి పోయాడు. "నేనే," అన్నాడు. మిషను మీద వేలు పెట్టాడు. ఒక్కసారికే పట్టింది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"చూశారా కాకా, చేరేటప్పుడు పది వేళ్లూ పట్టలేదని రాసుంది. విశ్రాంతి దొరికేసరికి చేతులు బాగుపడ్డాయి," అన్నాడు ఆ కుర్రాడు, మెచ్చుకుంటూ.

ఇన్నేళ్లలో ఆ పేరూ ఆ వేలూ కలిసింది అప్పుడే. సంతోషించాలో ఏడవాలో తెలియక ఇద్దరం ఆటో పిలవడానికి పోయాం.

డిండోలి గదిలో మూడు రోజులు ఉన్నాడు. అద్దె సిలిండరు బుస్సుమంటూ బుట్టలో పాము లాగా మూలన ఉండేది. వాడు ఎక్కువ మాట్లాడలేకపోయాడు. పేరుగలాయన కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు పిసికేవాడు. సీరియలు పెట్టమంటావా అని కొడుకు అడిగితే వద్దన్నాడు. రెండో రోజు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. చెవి వాడి నోటి దగ్గర పెట్టాను.

"బావా, ఒక్కసారి పిల్వరాదు."

ఏమని పిలవాలో నాకు వెంటనే అర్థం కాలేదు. ఎన్నడూ పిలవని పేరు. నా నాలుకకు అది తిరగలేదు. రెండో అక్షరం దగ్గర ఆగి మళ్లీ మొదలుపెట్టాను. నా భార్య ఎలా పిలిచేదో గుర్తు తెచ్చుకుని, ఆమె లాగే చివర కాస్త సాగదీసి పిలిచాను. వాడు "ఆఁ" అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం, చెల్లె జావ కలుపుతుండగా పోయాడు.

శ్మశానం దగ్గర రాసుకునేవాడు పేరు అడిగాడు. కొడుకు చెప్పాడు. నేను పక్కనుంచి మళ్లీ గట్టిగా చెప్పాను, కట్టెలు మోసేవాళ్లు కూడా తిరిగి చూసేలా. ఆధార్ చూపించాం, వాడి సొంతది. అన్నీ సరిపోయాయి. "ఏం పని చేసేవాడు?" అన్నాడు.

"రంగుల మిల్లు కార్మికుడు," అన్నాను.

"ఏ మిల్లు?"

నేను నోరు తెరిచాను. కొడుకు నా మోచెయ్యి పట్టుకున్నాడు. కాగితాల లెక్కన వాడి తండ్రి పేరున్న మనిషి ఏ మిల్లులోనూ ఒక్కరోజు పనిచేయలేదు. రాసుకునేవాడు మా మొహాలు చూసి "మజ్దూర్" అని రాసుకుని తర్వాతి శవాన్ని పిలిచాడు. నాకు ఆ రోజునుంచి ఈ రోజుదాకా మంటగానే ఉంది. జీవితమంతా ఒక్క మిల్లులో ఊపిరి పోగొట్టుకున్నవాడికి, ఆ ఊపిరి ఎక్కడ పోయిందో చెప్పుకునే హక్కు లేకపోయింది. పేరు దక్కించుకుంటే బతుకు చేజారింది.

వాడు పోయిన మూడో రోజు, వాడి పేరున పిట్టకు అన్నం పెట్టి వచ్చాక, ముకద్దం వచ్చాడు. అప్పటి ముకద్దం కాదు, వాడి అల్లుడు. అరటిపండ్లు తెచ్చాడు, చెల్లె ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు, మర్యాదగా బాధపడ్డాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

"దవాఖాన్ల ఠీక్ అయిండని, ఇంటికి పోయిండని పడ్డది. కార్డు చాలూనే ఉన్నది. సోమారం వరకు ఎవలన్న నిలవడకపోతె పేరు కొట్టేస్తరు." పేరుగలాయన వైపు చూశాడు. "అన్నా, నువ్వే అస్తవా ఏంది?"

పేరుగలాయన తన మోకాలు చూపించాడు.

ముకద్దం కొడుకు వైపు చూశాడు. నేను లేచి నిలబడ్డాను.

"సిగ్గున్నదారా? బూడిద సల్లారలే. తండ్రిని తిన్నది సాలదా మీకు? కార్డుల ఉన్నాయనకు అరవై దగ్గర, గీ పిలగానికి ముప్పై. ఎవని కండ్లల్ల మట్టి గొడ్తరు?"

"కాకా, మీరు పెద్దలు, జర సబర్," అన్నాడు వాడు. కోపం తెచ్చుకోలేదు. "ఉమర్ ఎవడు సూస్తడు? మిషన్ నడిస్తె సాలు. నేను జబర్దస్తీ జేస్తలే. బయట ఇంకిద్దరు ఉన్నరు, అడుగుతున్నరు. ఇంటోళ్లని ముందు మీకు జెప్పిన."

నేను కొడుకును చూశాను. వాడు నన్ను చూడలేదు.

"మామా, పార్శిళ్ల పనికి బీమా లేదు. రేపు అమ్మకు ఏమన్నయితె ఏడికి పోవాలె? బాపుకన్న గా మంచం దొరికింది," అన్నాడు.

"గా మంచం మీదికెల్లి దింపుకొచ్చుకున్నం గదరా!"

"దొరికినంక దింపుకున్నం మామా. దొర్కకపోతె?"

ఇన్ని పేపర్లు చదివాను, ఇన్ని తూకాల పుస్తకాలు చదివాను, ఆ పిల్లాడికి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. పేరుగలాయన మెల్లగా, "నాదేమున్నది బిడ్డా, వాడుకో," అన్నాడు. ఆ సాయంత్రం బస్సెక్కి ఊరికి పోయాడు. చెల్లె గదిలోపలే కూర్చుని ఉంది, బొట్టు లేని తెల్లటి మొహంతో.

మా వాడు ఆ పేరుతో చచ్చి ఉంటే ఆ పేరు అక్కడితో ఆగిపోయేది. తన పేరుతో చచ్చినందుకు, ఆ పేరు బతికి బయటపడి, కొడుకు కోసం గుమ్మంలోకి వచ్చింది. దీనికి ఎవణ్ని తిట్టాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సోమవారం పొద్దున కొడుకు పాలీకి పోయాడు. వాడు గల్లీ మలుపు తిరిగాక చెల్లె నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, నేను బిడ్డా అంటనే గని పేరువెట్టి పిల్వ. అలవాటు లేదు. నువ్వన్నా దినాం ఒక్కసారి వాని పేరువెట్టి పిల్వు. మర్సిపోతడు," అంది.

అప్పటినుంచి రోజూ వాడు పని దిగి వచ్చే వేళకు గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. గల్లీ మొదట్లో కనపడగానే పేరుపెట్టి అరుస్తాను. అందరూ వినేలా, మిల్లుదాకా వినపడితే ఇంకా మంచిదనేలా. మొదట్లో వెంటనే తలెత్తి నవ్వేవాడు. ఈమధ్య రెండుసార్లు పిలవాల్సి వస్తోంది.